భయపెడితే కాస్తుంది

మే 11
వంటింటి కిటికీ దగ్గరి ఆపిల్ చెట్టు ఈసారీ పూయలేదు. తోటంతా పూసింది, ఇదొక్కటే ఆకులేసుకుని మహారాణిలా నిలబడింది. దాని కింద కుర్చీ వేసుకుని రెండో మహారాణి, నా చెల్లెలు. ఉద్యోగం మానేసి వచ్చినప్పటి నుంచి ఇదే వరస. పొద్దున నవల, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం ప్యాకింగ్ షెడ్ వాళ్లతో జోకులు. పైగా గట్టిగా పాటలు. అందరికీ అదంటే ముద్దు. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయని అమ్మ దాన్నే అనేది. అయినా కంచం ముందు పెట్టేది దానికే.

మే 12
కాయని చెట్టుకి మొదలు దగ్గర చుట్టూ ఉంగరంలా బెరడు తీస్తారట. పక్క తోటాయన చెప్పాడు. చచ్చిపోతున్నానన్న భయంతో మరుసటి ఏడు విరగకాస్తుందట. కత్తి గీతంత సన్నగా తీయాలమ్మా, వెడల్పయితే చస్తుంది అని మరీమరీ చెప్పాడు.

సన్నగా తీస్తే ఏం భయపడుతుంది? రెండు వేళ్ల వెడల్పు తీశాను. బెరడు తడితడిగా, పట్టీలా ఊడొచ్చింది. హాయిగా అనిపించింది, అబద్ధమెందుకు.

మే 12, సాయంత్రం
కత్తి కడుగుతూనే చెల్లికి చెప్పేశాను. ఇల్లూ తోటా నా పేరు మీదున్నాయి, పని చేసినన్నాళ్లే నీకిక్కడ చోటు, లేదంటే నీ సూట్‌కేసు నేనే సర్దుతాను అని. జోక్ అనుకుని పకపకా నవ్వింది. అటక మీంచి సూట్‌కేసు దింపి దాని మంచం మీద పెట్టాను. అప్పుడు ఆపింది నవ్వు.

మే 13
తెల్లారేసరికి కలుపు తీస్తోంది. దెబ్బకి దెయ్యం దిగొచ్చింది.

జూలై 3
సూట్‌కేసు తిరిగి అటకెక్కించనా అని అడిగింది. కంటికెదురుగా ఉండనీ అన్నాను.

ఏప్రిల్ 20
పూసింది! నిరుడు నేను బెరడు తీసిన చెట్టే. ఆకు కనపడకుండా పూసింది.

పక్క తోటాయన వచ్చి ఉంగరం చూసి నెత్తి బాదుకున్నాడు. ఇంకా టైముంది, చిన్న కొమ్మలు తెచ్చి గాయానికి పైనా కిందా కలిపి అంటు కట్టు, బతుకుతుంది అన్నాడు. పూసిన చెట్టుకి వైద్యమేంటండీ అని పంపేశాను. కుళ్లుబోతు మనిషి.

షెడ్ మొత్తం ఇప్పుడు చెల్లే చూసుకుంటోంది. కొనేవాళ్లు కూడా మెచ్చుకుంటున్నారు. పాటలు మానేసింది. పాటలెవడు కొంటాడు?

సెప్టెంబర్ 16
కొమ్మలకి కర్రలు ఆసరా పెట్టాల్సొచ్చింది, అంత కాపు. చెల్లి జ్వరంతోనే నిచ్చెనెక్కింది. దిగవే అన్నాను. నిజంగానే అన్నాను. దిగితే సూట్‌కేసు సర్దుతావా అక్కా అని పైనుంచి అడిగింది. బుట్ట నిండాకే దిగింది.

సెప్టెంబర్ 30
కొత్త పిచ్చి పట్టింది దానికి. రోజూ సాయంత్రం నా గది గుమ్మంలో నిలబడి, రేపు కూడా ఉండొచ్చా అని అడుగుతోంది. మొదట్లో నవ్వొచ్చింది. ఇవాళ చెడామడా తిట్టాను. ఇది నీ ఇల్లు కాదుటే? ఆ అడగడమేంటి అన్నాను. తలూపింది. తలూపి మళ్లీ అడిగింది.

ఏప్రిల్ 22
చెట్టు చిగురించలేదు. గోరుతో గీకితే లోపలంతా ఎండు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, సిగ్గు విడిచి పక్క తోటాయన్నే పిలిచాను. నిరుడు కాసింది కాపు కాదమ్మా, ప్రాణభయం అన్నాడు. పొయ్యిలోకి పనికొస్తుందని చెప్పి వెళ్లిపోయాడు.

ఏడుపొచ్చింది. చెట్టు కోసమో, దేని కోసమో. లేచి వెళ్లి సూట్‌కేసు అటకెక్కించాను. నువ్వెక్కడికీ వెళ్లనక్కర్లేదే అని చెల్లిని పట్టుకుని చెప్పాను. సరే అక్కా అంది.

మధ్యాహ్నానికి సూట్‌కేసు మళ్లీ మంచం పక్కనే ఉంది. దుమ్ము కూడా తుడిచింది.

ఏప్రిల్ 23
చెట్టు కొట్టించాను. కట్టెలన్నీ చెల్లే మోసింది. సాయంత్రం గుమ్మంలో నిలబడి, రేపు కూడా ఉండొచ్చా అని అడిగింది.

వచ్చే వారం నుంచి తోటకి మందు కొట్టాలి. మనుషులు దొరకడం లేదు.

చూద్దాం అన్నాను.