అగ్గిపుల్ల గీయని ఇల్లు

నవంబరు 6

ఎండ ఉంది, వేడి లేదు. పొద్దున వాగు అంచుల్లో పలుచగా మంచు కట్టింది. ఇవాళ చలికాలం గదికి కిటికీలు మూశాం. ఏటా పాత ప్లాస్టిక్కే మేకులు కొట్టి బిగించేవాళ్లం, చలికాలమంతా గాలికి పటపటలాడేది. ఈసారి నేను లేహ్ నుంచి మందపాటిది తెచ్చాను. రెండు పొరలు వేసి, మధ్యన వేలెడు ఖాళీ వదిలి, అంచులకు టేపు అంటించి, గోడ సందులన్నిటికీ మట్టీ పేడా కలిపి మెత్తాను. తలుపు కింద గొర్రెతోలు దోపాను. మధ్యాహ్నానికి పొయ్యి లేకుండానే శాలువా తీసేయాల్సి వచ్చింది.

అత్త వేలు తడిచేసుకుని కిటికీ అంచు వెంట నడిపించి చూసింది, ఎక్కడైనా చల్లగా తగులుతుందేమోనని. తగల్లేదు. ఈ నమాకి చేతులున్నాయి అంది మామతో. నమా అంటే కోడలే. కోడలై వచ్చి తొమ్మిదేళ్లు, ఆమె నన్ను పేరు పెట్టి పిలిచింది లేదు, మెచ్చుకున్నదీ లేదు. అందుకే రాసుకుంటున్నాను.

నవంబరు 19

మా ఆయన స్కర్మా డ్యూటీకి వెళ్లాడు. కనుమ అవతల సైన్యానికి సామాన్లు మోసే పని. ఏప్రిల్ దాకా రాడు.

పిడకలు పేర్చడం అయింది. గోడ పొడవునా, నా భుజం ఎత్తు. అత్త బొగ్గుముక్కతో గోడ మీద గీతలు గీసింది. ఇక్కడికి లోసర్ పండగ, ఇక్కడికి మేకలు ఈనే వేళ, ఇక్కడికి వాగు కరిగే వేళ. గీత దాటి కాల్చినవాళ్లు నా ఎముకలు కాల్చినట్టే అంది. నీ ఎముకలైతే ఇంకా మంచిది, తడి లేదు, పొగ రాదు అన్నాడు మామ. మా అమ్మాయి లాజెస్ పగలబడి నవ్వింది. దానికి ఆరేళ్లు.

డిసెంబరు 3

వాగు పూర్తిగా బిగిసింది. గొడ్డలితో కన్నం కొట్టి రోజుకు రెండు డబ్బాలు తెస్తున్నాను. గిన్నెలు బార్లీ పిండితో తుడుస్తాం, ఆ పిండి ఆవుకి. ముఖాలు కడిగిన నీళ్లు పళ్లెంలో పట్టి, అవి పేడ తడపడానికి. లాజెస్ తడిచేతులు విదిలిస్తే, నీళ్లు విదిలించకు, వాగు వింటుంది అంది అత్త. అది చాలాసేపు చెవి ఒగ్గి కూర్చుంది.

ఈ పొయ్యిలో నిప్పు అత్త ఈ ఇంటికి వచ్చిన రోజు రాజేసింది. నలభై మూడేళ్లు. చీకటి పడగానే కణికల మీద ఒక పిడక పెట్టి, బూడిద కప్పి, గరిటె వెనకతో మూడుసార్లు నొక్కుతుంది. పొద్దున ఊదితే అంటుకుంటుంది. అగ్గిపెట్టె ఇంట్లో ఉంది, నా పెట్టెలో, సోలార్ లైటు పనిచేయనప్పుడు కొవ్వొత్తికి. పొయ్యికి మాత్రం కాదు. నిప్పు కప్పాక ఒకసారి నిచ్చెన ఎక్కి మిద్దె మీదికి వెళ్లి వస్తుంది. మంచు పడుతుందో లేదో చూడ్డానికట. ఆ అడుగులు విన్నాకే లాజెస్ కళ్లు మూస్తుంది.

కింది ఇంటి దెస్కిత్ నిప్పు అడగడానికి వచ్చి, మీ అత్త పోయేటప్పుడు ఈ పొయ్యి కూడా చంకన పెట్టుకు పోతుంది చూడు అంది. అత్త ఎదురుగానే. అత్త కోప్పడలేదు. నీకు వదిలేస్తే మూడు రోజులకు ఆర్పేస్తావు కదా అంది.

జనవరి 8

చెల్లెలికి కాన్పు రోజులు. లాజెస్‌ను తీసుకుని కింది ఊరికి వెళ్తున్నాను, మూడు రోజులు. మంచుచిరుత దెస్కిత్ వాళ్ల రెండు గొర్రెల్ని చంపింది. మామ మా గొర్రెల దగ్గర, కింద దొడ్డిలోనే పడుకుంటున్నాడు. గదిలో అత్త ఒక్కతే. పొయ్యి జాగ్రత్త ఆమాలే అన్నాను. నా పొయ్యి గురించి నాకే పాఠమా అంది.

జనవరి 11

అత్త లేదు.

జనవరి 15

నేను వచ్చేసరికి మధ్యాహ్నమైంది. కిటికీ ప్లాస్టిక్ చింపి ఉంది. పొద్దున వచ్చి మామే చింపాడు. పొయ్యి చల్లగా ఉంది. అత్త తన చోటులోనే పక్కకు తిరిగి పడుకుని ఉంది, బుగ్గలు ఎర్రగా, మనిషికి ఏమీ కానట్టు. కణికల విషగాలి గదిలోనే నిలిచిపోయింది, బయటి గాలి రాలేదు అని ఆరోగ్య కార్యకర్త చెప్పింది. అందరూ కిటికీ వైపు చూశారు. తర్వాత నా వైపు. దెస్కిత్ గోడకు మిగిలిన టేపును గోటితో గీకి, ఎంత గట్టిగా అంటించావే అంది.

స్కర్మాకు ఫోన్ దొరికింది. ఎన్ని పొరలు వేశావు అని అడిగాడు. రెండు అన్నాను. లైన్ కట్ కాలేదు. ఊపిరి వినిపిస్తూనే ఉంది.

దహనానికి ప్రతి ఇంటివాళ్లూ కట్టెలు తెచ్చారు. బతికుండగా ఆమె ఒక్కసారి అన్ని కట్టెలు కాల్చి ఎరగదు.

ఆ సాయంత్రం పెట్టె తెరిచి అగ్గిపుల్ల గీశాను. మొదటిది విరిగింది. మామ అటు తిరిగి కూర్చున్నాడు.

జనవరి 27

కిటికీకి మళ్లీ ప్లాస్టిక్ వేయలేదు. వేయబోయాను. టేపు చుట్ట చేతిలోకి తీసుకుంటే వేళ్లు వంగలేదు. రాగిబిందెలో నీళ్లు గదిలోనే గడ్డకడుతున్నాయి. నిన్న కాల్చిన పిడకలు ఎనిమిది, అత్త ఉంటే మూడు. మామ చూస్తున్నాడు.

ఫిబ్రవరి 4

చీకటి పడుతుండగా మిద్దె మీద అడుగులు. మామ నా ఎదురుగానే కూర్చుని టీ తాగుతున్నాడు.

ఫిబ్రవరి 5

మళ్లీ. మామకు వినిపించిందా అని అడిగాను. మంచు జారి ఉంటుంది అన్నాడు. వారం నుంచి మంచు పడలేదు.

ఫిబ్రవరి 16

పొయ్యిలో బూడిద మూడుచోట్ల నొక్కి ఉంది. నేను నొక్కలేదు. నేను కప్పి వదిలేస్తాను. లాజెస్‌ను అడిగితే, నేనే, అబీలే చెప్పింది అంది. నానమ్మ పోకముందు చెప్పిందా, పోయాకా అని అడిగాను. తెలివితక్కువ ప్రశ్న వేసినట్టు నా ముఖం చూసి ఆటకు పోయింది.

ఫిబ్రవరి 28

నలభై తొమ్మిదో రోజు. లామా చదవడం ముగించి, ఇక ఆవిడకు దారి దొరికినట్టే అన్నాడు. వేయించిన పిండీ వెన్నా నిప్పులో వేశాం, ఆఖరిసారి. అందరూ వెళ్లాక మామ ఆమె గిన్నెలో టీ పోసి ఆమె చోటు ముందు పెట్టాడు. చల్లారాక తనే తాగాడు. పారబోయడం ఈ ఇంట్లో ఎవరికీ చేతకాదు.

సాయంత్రం అడుగులు వినిపించాయి. దారి దొరకలేదు.

మార్చి 13

పిడకలు అయిపోయాయి. వాగు కరిగే గీతకు ఇంకా చాలా రోజులుంది. పాత మగ్గం విరగ్గొట్టి కాల్చాను. లాజెస్‌కు పదిరోజులుగా దగ్గు, పెదవులు నల్లబడ్డాయి. దెస్కిత్ వచ్చి దానిని కంబళితో సహా ఎత్తుకుంది. పిల్ల మా ఇంట్లో పడుకుంటుంది, నీ కిటికీని నువ్వు కాపలా కాసుకో అంది. వద్దనలేకపోయాను. ఆ ఇంట్లో వెచ్చగా ఉంటుంది.

వచ్చే చలికాలం ఏం చేస్తాను? మూస్తే చంపుతాను, మూయకపోతే చంపుతాను. ఇది ఎవరినీ అడగలేను.

ఏప్రిల్ 22

స్కర్మా వచ్చాడు, దెస్కిత్ ఇంటి నుంచి లాజెస్‌ను తీసుకుని. ఖాళీ గోడ మీద మూడు గీతలూ చూశాడు. పరుపు పై గదిలో వేసుకున్నాడు.

జూన్ 9

నీటి వంతు మాది. తెల్లవారి వచ్చింది, ముందు బార్లీకి, తర్వాత బఠాణీకి, చివర మిగిలిన గంట ఇంటికి. చలికాలపు బట్టలన్నీ ఊరికి దిగువన కాలవలో నానేశాను. మామ ఉన్ని అంగీ ఆయన అరుగు మీద విడిచి ఉంటే అదీ తెచ్చాను. అంగీ రొమ్ము మడతలో మేమంతా ఏవో ఒకటి మోస్తాం, గిన్నె, దారం, పిండి. ఆయన మడతలో ఒక గుడ్డచుట్ట ఉంది. అత్త పాత చారల అంగవస్త్రం, నా పిడికిలంత, బిగించి చుట్టినది. ఒకవైపంతా మసి. మసి గుండ్రంగా ఉంది. పొయ్యి పొగగొట్టమంత గుండ్రం.

తడిచేతులతోనే ఇంటికి వెళ్లాను. మామ గొర్రె ఉన్ని కత్తిరిస్తున్నాడు. గుడ్డ ఆయన ముందు పెట్టాను. కత్తెర ఆపలేదు. ఆ గొర్రె పూర్తయ్యాక చెప్పాడు.

నిప్పు ఊరికే ఆకాశంలోకి పోతుందని ఆమె నిప్పు కప్పాక మిద్దె ఎక్కి గొట్టం పైచివర ఆ గుడ్డ దోపేదట. కాపురానికి వచ్చినప్పటి నుంచీ. కిటికీ సందుల్లోంచి ఎలాగూ గాలి వచ్చేది కాబట్టి ఏమీ కాలేదట. లాజెస్ పుట్టాక మానేసింది, పిల్లకు దగ్గు వస్తుందని. మిద్దె ఎక్కడం మాత్రం మానలేదు, కాళ్లకు అలవాటు. మీరిద్దరూ ఊరెళ్లారు, ఒక్కదానికి అంత నిప్పెందుకు అనుకుని ఉంటుంది అన్నాడు. ఆ పొద్దున గొట్టంలోంచి గుడ్డ తీసి దాచుకున్న తర్వాతే ఆయన కేక వేశాడట.

ఎందుకు దాచారు ఆబాలే అన్నాను. ఊరు నవ్వేది అన్నాడు. పిసినారి ముసలిది పిడక మిగుల్చుకుని ప్రాణం పోగొట్టుకుంది అని పాట కట్టేవాళ్లు. పోయినదాన్ని నవ్వనివ్వడం ఇష్టంలేకపోయింది. నువ్వు బతికున్నదానివి, ఓర్చుకుంటావనుకున్నాను.

నేను కాలవ దగ్గరికి తిరిగి వెళ్లాను. వంతు ఇంకా కాస్త మిగిలి ఉంది. గుడ్డ ఉతికాను. మూడు నీళ్లు నల్లగా వచ్చాయి. వాటిని విల్లో మొక్కల మొదట్లో పోశాను.

జూన్ 10

పెళ్లైన కొత్తలో మూడు చలికాలాలు పొద్దున లేస్తే తలనొప్పి ఉండేది. పుట్టింటి మీద దిగులనుకునేదాన్ని.

గుడ్డ ఆరాక మామకు ఇచ్చేశాను. స్కర్మాకు చెప్పలేదు. చెప్పాల్సింది నేను కాదు. అదీగాక, గుడ్డ ఆమెదైతే ప్లాస్టిక్ నాది. పాతదే ఉంటే ఆమె తలనొప్పితో లేచి నా మీద అరిచేది.

ఆగస్టు 30

మిద్దె మీద అడుగులు వేసవిలోనూ ఉన్నాయి. ఇప్పుడు తెలుసు ఎటు వెళ్తాయో. గొట్టం దాకా వెళ్లి ఆగుతాయి.

సెప్టెంబరు 18

గాలి బాగుంది, నూర్పిళ్లు. కళ్లంలో ఆరు ఇళ్లవాళ్లం. దెస్కిత్ పొట్టు ఎగరేస్తూ, ఈసారి కిటికీకి ఎన్ని పొరలమ్మా కున్జెస్, ముందే చెబితే మా మామను మీ ఇంటికి పంపిస్తాను, ముసలాయన ఎంతకీ పోవడం లేదు అంది. అందరూ నవ్వారు. వాళ్ల మామ కూడా నవ్వాడు.

మామ పశువుల్ని తోలడం ఆపాడు. గొట్టంలో గుడ్డ దోపింది మా ఆవిడే, తీసి దాచింది నేను అన్నాడు. పశువులకు చెప్పినట్టు చెప్పాడు.

దెస్కిత్ మామ అన్నాడు, అయితే ఒక పిడక మిగిలిందన్నమాట. ఇద్దరు ముగ్గురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఒకరు పెట్టుకోలేదు. మామ తలెత్తకుండా మళ్లీ పశువుల్ని తోలాడు. ఆయన భయపడింది అదే, అదే జరిగింది, పొద్దు వాలేదాకా నూర్పు ఆగలేదు.

దెస్కిత్ నా జల్లెడ అడిగి తీసుకుని, నా వంతు కూడా తనే జల్లించింది. స్కర్మా పరుపు కింది గదికి తెచ్చుకున్నాడు.

సెప్టెంబరు 21

మామ కూతురి ఊరికి వెళ్లాడు, ఏడూ నలభై బస్సుకి. చలికాలం అక్కడేనట. గుడ్డ నా చేతిలో పెట్టాడు. లాజెస్ వెచ్చగా ఉండాలి, కిటికీలు మూయి అన్నాడు.

నవంబరు 2

తెల్లవారుజాము నుంచి సన్నగా మంచు. కిటికీలు మూశాను. రెండు పొరలే, అదే టేపు. మూలన పిడికిలి దూరేంత కన్నం వదిలాను. చల్లగాలి అక్కడి నుంచి నేరుగా నా చోటుకు వస్తుంది, లాజెస్ చోటుకు కాదు. స్కర్మా గొట్టం పైన ఇనప వల బిగించాడు. పిడకలు నా నడుము ఎత్తే ఉన్నాయి. కొత్త గీతలు గీశాను.

పొద్దు పోయేముందు మిద్దె ఎక్కి ఆ గుడ్డను గొట్టం పక్కన ఒక రాయి కింద పెట్టి వచ్చాను. నిప్పు కప్పి, మూడుసార్లు నొక్కాను. అడుగులు వచ్చాయి. గొట్టం దాకా వెళ్లాయి. తిరిగి రాలేదు.

నవంబరు 3

నిప్పు ఆరిపోయి ఉంది. పిల్ల, స్కర్మా నిద్రలో ఉన్నారు, ఇద్దరి ఊపిరీ విన్నాను. మిద్దె ఎక్కాను. మంచు మీద నా అడుగులే. రాయి అక్కడే ఉంది, గుడ్డ లేదు. వల బిగించినట్టే ఉంది.

అగ్గిపుల్ల గీశాను. ఆమాలే వెళ్లారు. ఆరూ ఇరవై.