చీపురు లేని ఇల్లు

ఇబ్రహీంపట్నం

తెలివిగల నా పిచ్చి మనవరాలు కరుణకు,

నువ్వు పంపిన యుద్ధం కథలో ఒక తప్పుంది. సరిహద్దుకు వెళ్లిన సిపాయి నానమ్మ “బండరాయిలా కూర్చుంది, ఆమెకు భయమంటే ఏమిటో తెలియదు” అని రాశావు. పేరు మార్చావు గానీ ముక్కు మీదికి జారే ఆ కళ్లజోడు నాదే. మొన్న ఫోనులోనూ అదే మాట: “నీ అంత ధైర్యం ఎవ్వరికుంటది నానమ్మా!” తప్పు బిడ్డా. బండరాయి ఫోను మోగిందేమోనని అర్ధరాత్రి లేచి చూడదు. నేను చూస్తున్నాను.

నీ కథలో తల్లి సైరన్ వినగానే కెవ్వుమని మూర్ఛపోతుంది. ఇళ్లల్లో భయం అట్లా రాదు. మనసు తనను కాపాడుకోవడానికి రకరకాల వేషాలు వేస్తుందని నీ సైకాలజీ పాఠాల్లోంచి చెప్పావు కదా! ఉన్నదాన్ని లేదనుకోవడం, ఒకరి మీది కోపం ఇంకొకరి మీద చూపడం, సాకులు వెతకడం. అవన్నీ ఇప్పుడు మన ఇంట్లోనే, వంటింటికీ ముందుగదికీ మధ్య తిరుగుతున్నాయి. కథకు పనికొస్తాయేమో చూడు.

మీ అన్న వినీత్ సెలవు మీద వచ్చి, వెంటనే రమ్మని పటాలం నుంచి పిలుపు రాగానే కంచం ముందు నుంచి లేచిపోయాడు. సాగర్ రోడ్డు మీద బస్సెక్కుతూ “ఫికర్ చెయ్యకు నానమ్మా, పోంగనే ఫోన్ జేస్త” అన్నాడు. చేశాడు కూడా.

“చేరిన నానమ్మా.”

“యాడికిరా?”

“గా సంగతి చెప్పొద్దన్నరు.”

లైను తెగింది. ఆ తరువాత ఫోను లేదు. టీవీలో ఒకాయన మంటల బొమ్మ ముందు నిలబడి, పెళ్లి బారాత్‌లో బ్యాండు వాడిలా ఊగిపోతున్నాడు. తీగ పీకేశాను. కళ్లు మండుతున్నాయని మీ అమ్మతో చెప్పాను.

ఇక అసలు సంగతి. మనిషి ప్రయాణమై వెళితే, క్షేమంగా చేరినట్టు కబురు వచ్చేదాకా మనవాళ్లు ఇల్లు ఊడవరు. గ్రహణం పూట బడి ఆవరణలో పిల్లలకు అటుకులు పంచి తినిపించిన సైన్సు టీచర్ని నేను. ఈ ఆచారాన్ని ఎంత వెక్కిరించానో నీకు తెలుసు. ఆ నేనే, వినీత్ బస్సెక్కిన రోజే చీపురు తీసి బియ్యం డ్రమ్ము వెనక దాచాను. వాడి ఫోను వచ్చాక కూడా తీయలేదు. ఎక్కడికో చెప్పని చేరిక చేరికెట్లా అవుతుంది? మోకాలు నొప్పి, వంగలేనని నాకు నేనే చెప్పుకున్నాను. అది చాలక మీ అమ్మను దెప్పాను: “ఉమా, ఇంట్ల దుమ్ము కనవడతలేదా, కండ్లు నెత్తికెక్కినయా?”

ఇవాళ పొద్దున పక్కింటి యమున వచ్చి ముందుగది చూసి నోరు నొక్కుకుంది. “గిదేంది పెద్దమ్మా, ఇల్లు గిట్లున్నది? నీ మోకాలు బాగలేకపాయె, జర చీపురియ్యి, నేనూడుస్త.”

వద్దనడానికి సాకు దొరకలేదు. డ్రమ్ము వెనక చెయ్యి పెట్టాను. చీపురు లేదు.

“ఉమా, చీపురేది?”

మీ అమ్మ తల దించుకుంది. “నీళ్ల పొయ్యిల పెట్టి కాలవెట్టిన అత్తమ్మా.”

“పొయ్యిలనా!”

“దుమ్ము దుమ్మని ఒకటే అంటున్నవ్. కోపంల నువ్వే తీసి ఊడుస్తవేమోనని భయమైంది. నువ్వు గివన్ని నమ్మవు గద.”

నవ్వొచ్చింది. మొదలైంది నవ్వుగానే, మధ్యలో ఎక్కడ మారిందో తెలియదు. మీ అమ్మ వచ్చి నా తల పట్టుకుంది.

“నాకు భయమైతుంది ఉమా,” అన్నాను.

“నాక్గూడ అత్తమ్మా.”

యమున పాపం, ఊడవడం సంగతి మరిచి మా ఇద్దరికీ నీళ్లు తెచ్చిచ్చింది.

చెప్పుకున్నాక భయం సగమైందని మాత్రం నీ కథలో రాయకు. అబద్ధం. ఇద్దరికీ ఎవరిది వారికి నిండుగానే ఉంది. ఒకరి ముందు ఒకరం వేషం కట్టే పని తప్పింది, అంతే. ఇప్పుడు ఫోను ఇద్దరి మధ్యా పెట్టుకుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నాం. అది మోగితే ఒక భయం, మోగకుంటే ఒక భయం.

శనివారం వస్తావు కదా, బొంగులూరు గేటు దగ్గర దిగి ఒక చీపురు కొను. గట్టిగా కట్టింది చూడు, రెండు రోజులకే పుల్లలు రాలేది వద్దు. ఇంట్లోకి మాత్రం తేకు. యమున వాళ్లింట్లో ఇచ్చి రా. వినీత్ మళ్లీ ఫోను చేసిన రోజు గోడ మీద నుంచి నేనే అడిగి తీసుకుంటాను.

బండరాయి కాని నీ నానమ్మ,
శ్యామలమ్మ