షెడ్డులో మిగిలిన నాలుగు టైర్లు

రోస్విటా వదినా,

గెర్నోట్ అన్నయ్యవి ఈ చలికాలం టైర్లు అమ్మేయమని మీరు రాశారు. రెండుసార్లు కిందికి దించి, మళ్ళీ పైకెక్కించాను.

అక్టోబరు నుంచి ఈస్టర్ దాకా ఇవే వేసుకోవాలని ఊరంతటికీ చెప్పేవాణ్ణి నేనే. ఆ రోజు అన్నయ్య ఇవి బిగించమని వచ్చేసరికి షెడ్డు నిండా కార్లు. "ఇంకా మంచు పడలేదుగా, వచ్చే వారం రా" అన్నాను. "సొంత తమ్ముడి దగ్గర కూడా వరసలో నిలబడాలట్రా!" అని నవ్వుతూ వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున అన్నయ్య మిల్లు మలుపులో పోయినప్పుడు రోడ్డు పొడిగానే ఉంది. అందుకే మీరంతా విధి అన్నారు. మంచు లేకపోయినా, ఉత్త చలికే అన్నయ్య కారుకున్న ఆ వేసవి రేసు టైర్లు బిగుసుకుపోయి మలుపులో పట్టు వదిలేస్తాయని నాకు అప్పుడే తెలుసు, వదినా.

మిల్లు మలుపు నుంచి కారు తెచ్చినప్పుడు టైరు నొక్కి చూశాను. రాయిలా ఉంది. ఇవాళ గడ్డకట్టే చలిలో షెడ్డులోని ఈ నాలుగూ నొక్కాను. ఇంకా మెత్తగానే ఉన్నాయి. అన్నయ్య సుద్దముక్కతో రాసిన "ముందు, ఎడమ" నా వేలికి అంటుకుంది.

ఎవరు కొన్నా బిగించాల్సింది నేనే కదా. నాకు చేతులు రావడం లేదు.

మీ మరిది