మంట లేదని నువ్వు చెప్పినావు

నాయనా,

నువ్వు పోయి ఈ పొద్దుకు ఏడాది. నిన్న ఆదోనిలో కండ్లు చూపిచ్చుకుంటి. నాకూ నీ జబ్బే, నీటికాసులంట. కంట్లో ఒత్తిడి పెరిగి, నొప్పి లేకుండానే పక్కల నుంచి చూపు తగ్గిపోతాదంట.

గుంటూరు మిరపకోతల నుంచి మనూరు కోసిగికి వచ్చినాక నువ్వు తలుపులకు గుద్దుకుంటాంటివి. మిరప ఘాటు పట్టిందని అమ్మా నేనూ కండ్లకు ఆముదం పెడితిమి. "మంటే ల్యాదు, ఘాటు యాడిదే?" అంటివి. మేము వినకపోతిమి. నీకు పూర్తిగా చీకటైనాకనే ఆస్పత్రికి పోతిమి.

"పోయిన చూపు రాదు. రోజూ చుక్కలేసుకుంటే ఉన్నది నిలబెట్టుకోవచ్చు. తోడబుట్టినవాళ్ళకూ చూపించండి" అనింది నిన్న డాక్టరమ్మ. నాకింకా శానా చూపుంది నాయనా.

తమ్మున్ని రమ్మంటే, "నాకు నొప్పేం ల్యాదు గదక్కా" అన్యాడు.

"నాయనకూ ల్యాదు" అంటి.

రేపు పొద్దున బస్సుకు ఇద్దరమూ పోతాండాము.