రెండు డిగ్రీల గుంజ

ఆర్మూర్, సోమవారం

వెల్డింగ్ షాపు రాజమల్లుకు, ఏడో తరగతిలో నీకు లెక్కలు చెప్పిన పద్మలత టీచర్ ఆశీస్సులు.

ఫోనులో విన్నది రేపు వినలేదంటావు, అందుకే కాగితం. నువ్వు పంపిన రెండు ఇనుప గుంజలు అందాయి. ఒకటి బాగుంది. రెండోది కింది పలకమీద తొంభై డిగ్రీలకు లేదు, ఎనభై ఎనిమిదికి ఉంది. ఆదివారం మా వాకిట్లో, నేను చదువుకున్న బడి రింగు టెన్నికాయిట్ జట్టు యాభై మూడేళ్ల తర్వాత మళ్ళీ ఆడుతోంది. అప్పట్లో పసుపు ఆరబోసే కళ్లంలో రెండు ఎడ్లబండ్ల నొగలు పైకి లేపి, వాటికి వల కట్టేవాళ్లం. ఇల్లు చేరేసరికి తెల్ల ఓణీలు పచ్చబడేవి. ఎక్కడికి పోయామో అమ్మలకు అడిగే పని ఉండేది కాదు. ఈసారైనా వల సరిగ్గా నిలవాలి.

ఇట్లు, పద్మలత

తా.క.: మీ షాపు బోర్డు కూడా వంగి ఉంది.

*

మంగళవారం

టీచరమ్మకు రాజమల్లు దండాలు.

మస్కట్‌ల పదకొండేండ్లు గిదే పని చేసిన. నా పైపు వంగదు. మీ వాకిలే వాలు ఉంటది, ఒకపారి చూడుండ్రి.

మీ రాజమల్లు

తా.క.: బోర్డు కోతులు గుంజినయ్.

*

బుధవారం

రాజమల్లుకు ఆశీస్సులు, అవి తగ్గించి.

మూలమట్టం పలకమీదే పెట్టి చూశాను. వాకిలి కొండెక్కినా ఆ కోణం మారదు. ఆ పాఠం రోజు నువ్వు బడికి రాలేదు. మా జట్టు భాగ్యవ్వ బీడీల చాట పక్కన పెట్టి రోజూ చెయ్యి విసిరి చూసుకుంటోంది. వేల్పూర్ నుంచి వినోద కూడా ఆడటానికి, ఆపరేషన్ చేయించుకున్న కొత్త మోకాలితో వస్తోంది.

పద్మలత

తా.క.: ఆ మోకాలు నీ గుంజకన్నా నిటారుగా ఉంది.

*

గురువారం

టీచరమ్మకు దండాలు.

మీరు లేనప్పుడు వచ్చి చూసిన. వంగింది నిజమే. వెల్డింగు సల్లారంగ పైపును తన దిక్కు గుంజుకుంటది. గందుకే ముందుగాల చుక్క చుక్క అతికించి, పైపును ఎదురు దిక్కు జరంత వంచి పెడ్త. నిండ వెల్డింగ్ చేసి సల్లారినంక అదే సక్కగైతది. పోయిన గురువారం గట్ల పెట్టి అన్నం తినపోయిన. గానప్పుడు ఎవరో సుత్తెతోని కొట్టి సక్కగ చేసిండ్రు. నేను చూస్కోలే. పైపుకు దెబ్బ కనవడుతుంది. షాపుల ఉన్నది స్వామి ఒక్కడే. తొమ్మిదేండ్ల సంది నా తాన పని చేస్తుండు. నేను కొట్టలే అంటడు, ఎవరు కొట్టిండ్రో చెప్పడు. రేపటి సంది రావద్దన్న.

మీ రాజమల్లు

తా.క.: వాడు మీ తాన చదివుంటే గిట్ల అబద్ధం ఆడకపోతుండె.

*

శుక్రవారం, పొద్దున్నే

రాజమల్లుకు,

ఇది చదవగానే స్వామిని పిలువు. కొట్టింది నేను.

ఆ రోజు గుంజలు చూద్దామని వచ్చాను. ఒకటి వంగి కనిపించింది. మూలమట్టం పెట్టి, మూడు దెబ్బలు వేసి, తొంభై చేశాను. అంత సరిగ్గా పెట్టినదాన్ని నువ్వే చెడగొట్టావని ఇన్నాళ్లూ నీమీద కోపం. స్వామి అడ్డుపడ్డాడు. "సేటు కావాల్ననే గట్ల పెట్టిండమ్మా" అన్నాడు. నోరు మూసుకోమన్నాను. ఇంకా తెరిచినట్టు లేడు.

ముప్పై నాలుగేళ్లు బడిలో వంగినది కనబడితే చాలు, నా చెయ్యి లేచేది. నీ అరచేతులకు తెలుసు. చల్లారేదాకా ఆగితే కొన్ని వాటంతట అవే నిలబడతాయని నాకు తట్టలేదు.

రేపు మీరిద్దరూ ఆ గుంజ కోసి మళ్ళీ అతికించండి. నేను దూరంగా కుర్చీ వేసుకుని చేతులు కట్టుకుని కూర్చుంటాను.

నీ టీచర్, పద్మలత

తా.క.: కుర్చీకి అందేంత దూరంలో సుత్తె ఉంచకు.