కోటు వాసన

నాచారం,
12 ఆగస్టు 2025.

చెల్లెలు స్వర్ణలతకు,

దోర్కా అక్క వందనాలు. దేవుని దయవల్ల నేను బాగున్నాను. నువ్వూ మీ అమ్మా చల్లగా ఉండాలని రోజూ ప్రార్థనలో తలుచుకుంటున్నాను.

నీ మెసేజ్ చూశాను. ఫోన్ ఎత్తలేదని అలగకు, గదిలో సిగ్నల్ సరిగా అందదు. ఇంత సంగతి మెసేజ్‌లో ఇమడదని ఉత్తరం రాస్తున్నాను. మా ల్యాబ్‌లోనే ఉద్యోగమంటే ఎంత సంబరపడ్డానో! హనుమకొండ కాలేజీలో బీకర్లు పగలగొట్టి నా పేరు చెప్పిన పిల్ల ఇప్పుడు మందులు పరీక్షిస్తుందట. ఇక జనం మాత్రలు మింగినట్టే.

ఉప్పల్ మెట్రో దగ్గర అద్దెలు విని కళ్లు తిరిగాయని, నారపల్లి హాస్టల్ నుంచి రెండు బస్సులు మారి వస్తానని రాశావు. ఎందుకా తిప్పలు? నేనుండే గది ఖాళీ అవుతోంది. అద్దె ఉప్పల్‌లో సగం కూడా ఉండదు. ల్యాబ్‌కు నడిచి పోవచ్చు. మూతపడ్డ రసాయనాల ఫ్యాక్టరీ గోడను ఆనుకుని ఉంది కాబట్టి సందడి కూడా తక్కువే.

అందరూ ఫ్యామిలీకే ఇస్తామంటారా, మా ఓనరమ్మ రాజేశ్వరమ్మది తిరకాసు లెక్క. పిల్లలున్నవాళ్లకు ఇవ్వదు. ఒంటరిగా ఉండే ల్యాబ్ వాళ్లకే ఇస్తుంది. వెళ్లేవాళ్లు తమ బదులు ఇంకో ల్యాబ్ మనిషిని చూపిస్తేనే అడ్వాన్సు తిరిగిస్తుంది. మన సీనియర్ గౌతమక్క నన్ను చూపించింది, నేను నిన్ను చూపిస్తున్నాను.

గదిలో కొంచెం తియ్యటి వాసన వస్తుంది, కంగారుపడకు. అది మన ల్యాబ్ కోటు వాసన. పొద్దంతా సాల్వెంట్ రసాయనాల మధ్య ఉంటాం కదా, బట్టలకు పట్టేస్తుంది. మొదట్లో నేనూ అడిగితే ఓనరమ్మ నవ్వింది.

"ఇంటికేం వాసన లేదు బిడ్డా, గా వాసన మీ పనిది. ల్యాబు పిల్లలందరు గిట్లనే అంటరు. నెల దాటితే ఆళ్లకే తెల్వదు."

నిజంగానే నెల దాటాక నాకు తెలియలేదు. అయినా కోటు రోజూ ఉతుక్కున్నాను.

తడి దిగిన గోడ పక్కన మంచం వేయకు. కిటికీ తెరిచి పడుకో. మా చర్చి పాపమ్మ గారు ప్రార్థనకు వచ్చి గడప బయటే నిలబడి చేసి వెళ్లారు. మోకాళ్ల నొప్పులేమో.

ఎప్పుడు దిగుతావో వెంటనే తెలియజేయి.

ప్రేమతో,
నీ దోర్కా అక్క

తా.క.: కవరు అంటించి మళ్లీ చింపాను. కిందటి నెల కోట్లన్నీ ల్యాబ్‌లోనే వదిలి సెలవు మీద ఊరికి పోయాను. అక్కడ ఏ వాసనా లేదు. తిరిగొచ్చి తలుపు తీయగానే ముఖానికి కొట్టింది. నేల కిందినుంచి వస్తోంది స్వర్ణా. ఇన్నాళ్లూ కోటును ఉతికాను.

సిగ్నల్ బాగానే ఉంది. గుసగుసగా తప్ప నాకిప్పుడు మాట రావడం లేదు. ఆ గొంతు వింటే నువ్వు రావని ఫోన్ ఎత్తలేదు. అడ్వాన్సు చేతికొస్తే దవాఖానాకు పోదామనుకున్నాను. పోతే పోయింది. నువ్వు నారపల్లిలోనే ఉండు.

ఈ గది చూపించినప్పుడు గౌతమక్క కూడా నాకు ఫోన్ చేయలేదు, ఉత్తరమే రాసింది. అందులో తా.క. లేదు.