గట్టు మీది తెల్ల కవర్లు

గౌరవనీయులైన మండల విద్యాధికారి గారి సముఖమునకు,
రుద్రూర్ వైపు కాలువ కింది పల్లె నుండి ఒక ఇల్లాలు వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: బడి వదిలిన తరువాత పిల్లలను చెరకు గట్ల మీదికి తీసుకొనిపోవుట వెంటనే ఆపించుట గురించి.

ముందుగా నా చేతిరాతను, అక్షర దోషాలను మన్నించవలెను. ఐదో తరగతితో నా చదువు ఆగింది. అర్జీ ఎట్లా రాస్తారో తెలియక, మా మామగారి పాత పింఛను అర్జీ నకలు ముందర పెట్టుకొని రాస్తున్నాను.

1. బోధన్‌లోని ఒక బడి నుండి సౌందర్య మేడం గారు ప్రకృతి క్లబ్బు పిల్లలను సాయంత్రాలు ఆటోలో మా ఊరి కాలువ గట్టుకు తీసుకొని వచ్చుచున్నారు. పిట్టలను, కప్పలను, చెట్లను చూపించి పేర్లు చెప్పుచున్నారు. ఇందుమీద నాకు ఎట్టి ఫిర్యాదు లేదు. పెరటి గోడ వెనుక గిన్నెలు తోముతూ నేనూ వింటాను. పొద్దున్నే మా రేకుల మీద తోక ఎగరేస్తూ కూసే నల్లపిట్టను నల్లంచి అంటారని వాళ్ళ వల్లనే తెలిసింది.

2. మా వైపు అడవిపందులు చెరకును తవ్వి పాడు చేయుచున్నవి. అందుకు రైతులు చీకటి పడే వేళ మోటారు కరెంటు నుండి తీగ లాగి పొలం చుట్టూ పెట్టుచున్నారు. ఇది నేరమని అందరికీ తెలుసు, కనుక ఎవ్వరూ నోటితో చెప్పరు. తీగ ఉన్న చోట కట్టెకు ఒక తెల్ల ప్లాస్టిక్ కవరు కడతారు. ఊరివాళ్ళు దాన్ని చూసి తప్పుకొని పోతారు. కరెంటు ఆఫీసు వాళ్ళు అడిగితే, గాలికి కొట్టుకొచ్చింది అని చెప్పవచ్చు.

3. ప్లాస్టిక్ వల్ల నేలకు, పశువులకు కీడు అని మేడం గారు పిల్లలకు చెప్పి, కనబడ్డ కవరునల్లా ఏరమన్నారు. మంచి మాటే. పోయిన గురువారం ఉమైమా అనే ఎనిమిదో తరగతి పిల్ల నీళ్ళ కోసం మా వాకిట్లోకి వచ్చింది. చేతిలో బస్తా.

"సూడక్కా, గిన్ని దొరికినయ్! అందరి కంటే నావే ఎక్కువ. గమ్మతేందంటే, అన్నీ కట్టెలకే కట్టి ఉన్నయ్. గంత ఓపిక ఎవలకున్నదో!" అని నవ్వింది.

బస్తాలోకి చూశాను. అన్నీ తీగల దగ్గర కట్టినవే. చెంబు చేతికిచ్చాను. నీళ్ళు తాగి, "రేపు అవతలి గట్టు గూడ సాఫ్ జేస్తం" అని చెప్పి పోయింది. చేశారు కూడా. మళ్ళీ కడితే మళ్ళీ ఏరుకుపోతారని ఊళ్ళో ఎవ్వరూ కట్టడం లేదు. తీగలు మాత్రం పెడుతున్నారు.

4. ఒక ఇంటి కోడలు, ఈ పిల్లలు వచ్చినన్ని దినాలు తీగ పెట్టవద్దని భర్తను అడిగినది. "నేను బంద్ వెడితే, రావొద్దని పందులకు నువ్వు చెప్పొస్తవా? అయినా మనదొక్కటేనా, కాల్వ పొంటి అందరిదీ గదే కథ" అని ఆయన అన్నాడు. గుడ్డ పేలికలను పిల్లలు తీయరని, ఆ కోడలు తన ఎర్ర చీర చింపి కట్టెలకు కట్టినది. పొద్దెక్కేసరికి అత్త అన్నిటినీ విప్పి తెచ్చి ఆమె ముందర పడేసింది. "గింత ఎర్రగ కడితే ఎవడన్న ఫోటో దీస్తడు. నీ మొగుడు జైల్ల కూసుంటే సద్ది నువ్వు మోస్తవా?" అన్నది. నేను తల ఎత్తలేదు. అయ్యా, ఇది మా ఇంటి మాటే. ఇంకెవరిదో అన్నట్టు రాయడం నాకు చేతకావడం లేదు.

5. సోమవారం పొద్దున గట్టు కింద ఒక కుక్క పడి ఉంది. పిల్లల వెంట తిరుగుతూ బిస్కెట్లు తినే కుక్క. ఎట్లా చచ్చిందని ఎవ్వరూ అడగలేదు. గుంత తీసి పూడ్చారు. సాయంత్రం పిల్లలు వచ్చి ఈల వేసి పిలిచారు. "ఏడవోయిందక్కా?" అని ఉమైమా నన్నే అడిగింది. "ఎటో పోయింది బిడ్డా" అని మా అత్త చెప్పింది.

6. ఈ శనివారం పిల్లలకు మిణుగురులను చూపిస్తారట. చీకటి పడ్డాక, లైట్లు ఆర్పి, గట్టు దిగి చెరకు అంచున చప్పుడు చేయకుండా కూర్చోవాలట. ఎవరూ తప్పిపోకుండా ఒకరి చేయి ఒకరు పట్టుకొని నడవాలట. వానకు గట్టంతా తడిసి ఉంది.

మేడం గారికే చెప్దామని నిన్న ఆటో దాకా పోయాను. పక్క పొలం తుకారాం మామ చూసి, "ఏంది కోడలా, నువ్వు గూడ పిట్టల సదువు సదువుతవా?" అన్నాడు. అందరూ నవ్వారు. కొంగు కప్పుకొని తిరిగి వచ్చాను.

కావున తమరు దయతలచి, శనివారం ఆటో కదలక ముందే ఆపించగలరు. క్లబ్బును మాత్రం మూయించవద్దు. బడి ఆవరణలోనే పిట్టలను చూపించుకోమనండి. కారణం అడిగితే పాములని చెప్పండి. పాముల మీద కేసు కాదు.

శనివారం పొద్దు గూకక ముందే ఈ నా మొరను చిత్తగించవలెనని వేడుకొనుచు,

తమ విధేయురాలు,
కాలువ కింది పల్లె ఇల్లాలు

మరచిన మాట: పేరు లేని అర్జీని చెత్తబుట్టలో వేస్తారని విన్నాను. అందుకని రాస్తున్నాను. నా పేరు సంజన. తూము పక్కన మొదటి చెరకు మాది. అక్కడ తీగ పెట్టేది మా ఆయన ప్రశాంత్. ఆయన చెడ్డవాడు కాడు, పందుల కోసమే పెట్టాడు. నేను రాశానని తెలిస్తే నాకు ఆ ఇంట్లో చోటు ఉండదు. చదివి ఈ కాగితాన్ని కాల్చేయండి. కానీ ముందే కాల్చవద్దు. ముందు పిల్లలను ఆపండి. ఆపినాకనే కాల్చండి.